మా అత్త ఈఫిల్ టవరెక్కిన కథ

మా వాళ్ళ ఇళ్ళల్లో ఏ పెళ్ళో సీమంతమో జరిగి, భోజనాలయ్యాక ఆకువక్కల పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చున్నారంటే, ఎవరో ఒకరు మా అత్త ఈఫిల్ టవరెక్కిన కథ ఎత్తుకోక మానరు. రెండో అంతస్తులో గాలి తోసేస్తుంటే ఆవిడ చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని నిలబడిందనీ, పైనుంచి చూస్తే పారీసు పట్టణం ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టిన చుక్కల ముగ్గులా కనిపించిందనీ, అంత ఇనుమూ గాలికి రవ్వంత ఊగడం ఆవిడ అరికాళ్ళకు తెలిసిందనీ చెబుతారు. వినేవాళ్ళు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటారు. నేను మాత్రం చేతులు కడుక్కునే నెపంతో లేచిపోతాను. ఎందుకంటే ఆ కథ నిజం కాదు. కాదని నాకెలా తెలుసంటే ఆ కుచ్చిళ్ళు, ఆ ముగ్గు, ఆ అరికాళ్ళు, మూడూ నేను రాసి ఇచ్చినవే.

పోయిన నెల మా తమ్ముడి కూతురు ఆఫీసు పని మీద వారం రోజులు ఫ్రాన్సు వెళ్ళి, టవరు ముందు నిలబడి తీసుకున్న వీడియో ఒకటి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మా పుదుచ్చేరిలోని కదిర్కామం నుంచి మా తమ్ముడు, మన ఇంట్లో టవరు చూసిన రెండో ఆడది నా కూతురు, మొదటిది మా అత్త అని దాని కింద రాశాడు. ఇక చప్పట్ల బొమ్మలూ పువ్వుల బొమ్మలూ వరుసగా వచ్చి పడ్డాయి. అదే ఊళ్ళో మూలకుళంలో మా ఇంటి వరండాలో కూర్చుని నేను, మొదటిది నీ కూతురే అని టైపు చేసి, ఒక నిమిషం చూసి, చెరిపేశాను. ఎదురు మాట మింగడం నాకు అలవాటు లేని పని.

అందుకే ఇక్కడ, ఈ తెలుగు పత్రికలో రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు గాని తెలుగు అక్షరం చదవగలిగినది నేనొక్కతినే. పుదుచ్చేరిలో తరాల కిందట స్థిరపడ్డ మాలాంటి ఇళ్ళన్నిటి సంగతీ దాదాపు ఇంతే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మా తాత పట్టుబట్టి తన దగ్గరున్న అట్ట ఊడిన పాత వాచకంతో నాకు అక్షరాలు దిద్దించాడు. తమ్ముడి వంతు వచ్చేసరికి ఆయన ఓపిక అయిపోయింది. కాబట్టి మా వాళ్ళ కంట పడని చోట, నా ఈడు వాళ్ళైన మీ ముందు, అత్త పరువు పోకుండా నిజం చెప్పుకోవచ్చుననుకున్నాను. మొదలుపెట్టినప్పుడు నా ఉద్దేశం అంతవరకే.

మా అత్త అంటే మా నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే నటేశన్ నగర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చేసింది. నేను పుట్టేసరికే ఆవిడ మా ఇంట్లో గోడల మాదిరి ఒక భాగం. మా తాత, నాయన ఇద్దరూ బట్టల మిల్లులో నేతపని చేసినవాళ్ళు. చిన్నప్పుడు తాతకు మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుపోయి, సైరన్ కూసేదాకా మిల్లు పొగగొట్టం నీడలో కాచుకోవడం అత్త పని. ఎండ జరిగేకొద్దీ ఆ సన్నటి నీడ కూడా జరుగుతుంటే, దానితోపాటు తనూ ఒక్కొక్క అడుగే జరుగుతూ ఉండేదాన్నని ఆవిడే చెప్పేది. ఆ గొట్టం ఇటుకల వరసలెన్నో ఎప్పుడో లెక్కపెట్టి పెట్టుకుంది కూడా.

తరువాత ఆవిడ సముద్రం ఒడ్డు వైపు ఒక సొల్దా ఇంట్లో వంటకు కుదిరింది. సొల్దా అంటే ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఆ దేశపు పౌరసత్వమూ పింఛనూ తెచ్చుకున్న మన ఊరి మనుషులే. వాళ్ళలో తమిళులూ ఉన్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అలాంటి ప్రతి ఇంట్లోనూ అద్దాల బీరువాలో జానెడు ఇత్తడి టవరొకటి తప్పకుండా ఉండేది. మిగతా ఊళ్ళ పిల్లలకు ఈఫిల్ టవరు దూరదేశపు వింత అయి ఉండవచ్చు. మాకు మాత్రం అది పక్కింటి బీరువాలో ఉండి మన ఇంట్లో లేని వస్తువు. మా ఊళ్ళో సగం మందికి ఆశ టవరు మీద కాదు, చూసొచ్చామని చెప్పుకోవడం మీదేనని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

అత్త సంగతి వేరు. మదాం ఇంట్లో, అంటే ఆ సొల్దా భార్య ఇంట్లో, బీరువాలోని టవరును ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమేది ఆవిడే. ఆ సందుల్లో చింతపండు పిప్పి ఇరుక్కుంటే చీపురు పుల్లతో తీయాలట. "ఇంత చిన్నదాన్ని తోమేదానికే నా వేళ్ళు అరిగిపోతా ఉండాయి. అంత పెద్దదాన్ని యాడ్నించి మొదలుపెడతారో, ఎవురు తోముతారో, ఒకసారి పోయి చూడాల" అనేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు.

నేను బి.ఎ. రెండో ఏడు చదువుతుండగా మదాం కూతురికి పారీసులో కాన్పు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మదాం ఒక్కతే వెళ్ళలేదు, వెళ్ళినా అక్కడ వండి పెట్టే మనిషి ఉండాలి, పుట్టబోయే బిడ్డను చూసుకునే మనిషీ ఉండాలి. ఆ రెండు పనులకూ కలిపి అత్తను మూడు నెలలు తీసుకువెళ్ళారు. పాస్‌పోర్టు వచ్చిన రోజున ఆవిడ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది. మా వీధి అంతా వచ్చి సాగనంపింది. ఏం తేవాలని అత్త ఎవరినీ అడగలేదు, అడగకుండానే అందరూ ఒకే మాట చెప్పారు, టవరు చూసి రా అని.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఫ్రాన్సు నుంచి ఎవరు వచ్చినా, మరునాటి పొద్దున ముందుగదిలో అందరి ఎదుటా పెట్టె తెరవాలి. చాటుగా తెరిస్తే నిష్ఠూరం. సబ్బులు, చాక్లెట్లు, సెంటు సీసాలు వరసకు తగినట్టు పంచుతారు. ఏ వరసా లేనివాళ్ళకు టవరు బొమ్మ ఉన్న తాళంచెవుల గొలుసు. పెట్టె అడుగు కనిపించాక వచ్చే ప్రశ్న కూడా ఒకటే. అక్కడ చలి ఎంత, ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, ఇవేవీ ఎవరూ అడగరు.

అత్త పెట్టె తెరిచిన పొద్దున ఆ ప్రశ్న అడిగినది మా పక్కింటి పెద్దమ్మ. ఆవిడ భర్త కూడా సొల్దాయే, ఆవిడా మన తెలుగే, కొడుకు దగ్గరికి రెండుసార్లు పారీసు వెళ్ళి వచ్చిన మనిషి. మా వీధిలో ఫ్రాన్సు సంగతులకు ఆవిడ మాటే తీర్పు.

"టవర్ చూసినావా?" అంది.

"చూసినా అక్కా."

"ఎన్నో అంతస్తు దాకా ఎక్కితివి?"

అత్త గొలుసులు పంచుతున్న చెయ్యి ఆపి, "దాని కాలి దగ్గర ఒక ఇటుక పొగగొట్టం ఉండాది అక్కా. మన మిల్లు గొట్టం మాదిరే, పొట్టిది. చెట్ల మధ్య ఉండాది. పక్కనే చిన్న కుంట, బాతులు" అంది.

పెద్దమ్మ చుట్టూ ఒకసారి చూసి, తీర్పు చెప్పింది. "నేను రెండు తూర్లు ఎక్కి దిగినా. యాడా గొట్టం లేదు, కుంట లేదు. ఏమ్మా, నువ్వు పోయింది పారీసుకా, మిల్లుకా?"

గది గదంతా నవ్వింది, మా నాయనతో సహా. వారం తిరిగేసరికి అత్తకు మిల్లు పారీసు అని పేరు స్థిరపడింది. పూలమ్మ కూడా గడప దగ్గర బుట్ట దించి, "మిల్లు పారీసమ్మా, మల్లెలా కనకాంబరాలా" అని అడిగేది. అత్త మల్లెలు కొలిపించుకునేది. ఆవిడకు ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకు మాత్రం కాలేజీ నుంచి వస్తూ ఆ పేరు చెవిన పడితే ఒళ్ళు మండేది. ఆ పెద్దమ్మ నోరు మూయించాలనే పట్టుదలలో, అత్త మీద ప్రేమ ఎంత, గెలవాలన్న నా సహజ గుణం ఎంత అని ఇప్పుడు విడదీయమంటే నా వల్ల కాదు.

ముందు నిజమేమిటో తేల్చుకోవాలి కదా అని, ఒక మధ్యాహ్నం పెరట్లో నెత్తిళ్ళు శుభ్రం చేస్తున్న అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. వేలెడంత లేని ఆ చేపల తలలు గిల్లుతూ ఆవిడ, నోటుపుస్తకంతో నేను.

"టవర్ ఏం రంగు అత్తా?"

"ఇనుము రంగు."

"ఎన్ని అంతస్తులు?"

"లెక్క పెట్టలా."

"లిఫ్ట్ ఎట్లుంటుంది?"

"నాకేం తెలుసు?"

"అయితే నువ్వు చూడలేదు."

"చూసినానే."

"ఏం చూసినావు మరి?"

"చెప్తిని గదా. గొట్టం."

పట్టణ గ్రంథాలయంలో పెద్ద బొమ్మల పుస్తకం అంతా తిరగేశాననీ, అందులో గొట్టం లేదనీ, రెండుసార్లు ఎక్కిన పెద్దమ్మకూ కనిపించలేదనీ, మరి నీ ఒక్కదాని కంటికే ఎలా కనిపించిందనీ నేను వకీలులా నిలదీశాను. పుస్తకంలో లేనిది లోకంలో ఉండదని నమ్మే వయసు నాది. అత్త ఇంకో నాలుగు చేపల తలలు గిల్లి, తలెత్తకుండానే, "సరే, చూడలేదనే పెట్టుకో. ఇప్పుడేంది?" అంది.

అది ఒప్పుకోలు అనుకున్నాను. మూడు నెలలూ ఆ ఇంట్లో వంటగదికీ ఉయ్యాలకీ మధ్య తిరగడమే సరిపోయి ఉంటుంది, ఎవరూ బయటికి తీసుకెళ్ళలేదు, పాపం, చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇంటి గుర్తునేదో కలిపి చెప్పింది అని నాకు నేనే తీర్మానించుకున్నాను. అలా తీర్మానించుకున్నాక ఇక నా పని తేలికయింది. గ్రంథాలయం పుస్తకం ముందు పెట్టుకుని నాలుగు పేజీలు రాశాను. మాటలు మన తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం, అత్తకు వచ్చినవి అవే కాబట్టి. గాలి, కుచ్చిళ్ళు, ముగ్గు, ఊగడం అన్నీ అందులో ఉన్నాయి. రెండు వారాలు, రోజూ చేపల దగ్గరో చిన్నుల్లిపాయల దగ్గరో కూర్చోబెట్టి అప్పజెప్పించుకున్నాను.

అత్త మంచి విద్యార్థి గాని నోరు లేనిది కాదు. "ఊగుతాదని చెప్పొద్దులే, ఊగేదాని మీద జనం ఎక్కుతారా?" అని ఒక రోజు వాదించింది. పుస్తకంలో ఉంది, వాదించకుండా చెప్పమన్నాను. ఇంకొక రోజు, పాఠం అంతా తప్పు లేకుండా చెప్పాక, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "గొట్టం సంగతి ఒక్క మాట చేరుస్తువా?" అని అడిగింది.

అది చెబితే మొత్తం పోతుంది, మళ్ళీ నవ్వుతారు అన్నాను.

"సరి" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

పెద్దమ్మ మనవరాలి చెవులు కుట్టే వేడుకలో అత్త పాఠం చెప్పింది. నేను ఒక స్తంభం పక్కన నిలబడి, పెదవులు కదపకుండా, ఆవిడతోపాటు లోలోపల చెప్పుకున్నాను. గాలి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు తినడం మానేశారు. కుచ్చిళ్ళ దగ్గర ఒకావిడ తన కుచ్చిళ్ళు సర్దుకుంది. చివరికి అందరూ పెద్దమ్మ వైపు చూశారు, తీర్పు కోసం. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, అవునని తల ఊపి, "ఆమా, గాలి అట్లే ఉంటాది. నేనూ కుచ్చిళ్ళు పట్టుకునే నిలబడినా" అంది. పుస్తకంలో కుచ్చిళ్ళు లేవు, అవి నేను కల్పించినవి. అప్పుడే నాకు పెద్దమ్మ మీద అనుమానం రావలసింది, ఆవిడ తీర్పులన్నిటినీ తిరగదోడవలసింది. గెలిచిన సంతోషంలో నాకు అది తోచలేదు.

మిల్లు పారీసు అన్న పేరు ఆ రోజుతో చచ్చిపోయింది. ఆ తరువాత ముప్పై ఏళ్ళ పాటు, ఎవరు అడిగినా, అత్త ఆ నాలుగు పేజీలే చెప్పింది. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. పిల్లలు ఇంకా ఏం చూసినావు అని పీకుతుంటే, అంతే అనేది. నేను ఉద్యోగంలో చేరాక, పెళ్ళయి మూలకుళం వచ్చాక కూడా, ఎక్కడైనా ఆవిడ ఆ కథ చెబుతూ నేను ఎదురుపడితే ఒకసారి నా వైపు చూసేది, పాఠం సరిగ్గా వచ్చిందా అన్నట్టు. అది కృతజ్ఞత అనుకునేదాన్ని. ఆరేళ్ళ కిందట ఆవిడ పోయినప్పుడు కూడా, దినం నాడు వచ్చినవాళ్ళు ఆ కథే చెప్పుకున్నారు.

ఇంతవరకూ రాసి, తమ్ముడికి ఏనాడైనా ఈ సంగతి చెప్పవలసివస్తే పనికొచ్చే ఆధారాలేమైనా దొరుకుతాయేమోనని, మేనకోడలి వీడియో మళ్ళీ పెట్టి చూశాను. మొదటిసారి అమ్మాయి ముఖమూ, వెనక టవరూ చూసి వదిలేశాను. ఈసారి నింపాదిగా చూశాను. ఆ పిల్ల ఫోను పట్టుకుని తన చుట్టూ తాను తిరుగుతోంది. టవరు తాలూకు ఒక కాలు దాటాక చెట్లు వచ్చాయి, చెట్ల మధ్య చిన్న కుంట, ఒడ్డున బాతులు. వాటి వెనక, పొదల్లోంచి, గుండ్రంగా, పొట్టిగా, ఎర్రటి ఇటుకల పొగగొట్టం. ఎంతసేపు, రెండు క్షణాలు. ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాను.

మేనకోడలికి ఫోను చేశాను. ఆ పిల్ల అప్పటికి తిరిగి వచ్చేసింది.

"ఆ గొట్టం ఏందే?"

"ఏ గొట్టం అత్తా?"

ఆ పిల్లా చూడలేదు. తన వీడియోలో తనే మళ్ళీ చూసుకుని, ఎక్కడో వెతికి, సాయంత్రం నాకు ఫోను చేసి, టవరు కట్టే రోజుల్లోనే ఏవో యంత్రాల కోసం కట్టినదట, ఇప్పుడు పని లేదు, ఊరికే ఉంచారు అని చెప్పింది. "సుమ్మా నిలబడి ఉండాది అత్తా, ఎవురూ చూడరు. నీకెట్ల కనపడింది?" అంది. నాకు కనపడలేదమ్మా అన్నాను.

అంటే అత్త అక్కడికి వెళ్ళింది. ఎక్కలేదు, అది మాత్రం ఇప్పటికీ నిజమే. మదాం కుటుంబం పైకి వెళ్ళి ఉంటుంది; చంటిబిడ్డనూ తోపుడు బండినీ పైకి ఎందుకు అని కింద ఉంచి ఉంటారు, బిడ్డను చూసుకోవడానికే కదా ఆవిడను తీసుకెళ్ళినది. వాళ్ళు ఎక్కి దిగేదాకా బండి పట్టుకుని, క్యారియర్‌తో మిల్లు దగ్గర కాచుకున్నట్టే, పరిచయమున్న వస్తువొకటి చూసుకుని దాని పక్కన నిలబడి ఉంటుంది. ఇది నా ఊహ. ఆవిడ చెప్పినది కాదు, ఎందుకంటే చెప్పనిచ్చినవాళ్ళు లేరు. పెద్దమ్మ ఒకసారి నవ్వి ఊరుకుంది. అత్త నిజాన్ని మొత్తంగా తీసేసి ఆ స్థానంలో గ్రంథాలయం పుస్తకం పెట్టినదాన్ని నేను, అదీ ఆవిడ చేతే అప్పజెప్పించి. పాఠం చెబుతూ ఆవిడ నా వైపు చూసిన చూపు కృతజ్ఞతేనని ఇప్పుడు నేను ఎవరితోనూ వాదించను.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ పెట్టె తెరవరు. టవరు తాళంచెవుల గొలుసులు బీచ్ రోడ్డు దగ్గర తోపుడు బళ్ళ మీదే దొరుకుతాయి. మదాం ఇల్లు హోటలయింది, ఆ బీరువా ఏమయిందో తెలియదు. మా మేనకోడలు ఊళ్ళోకి దిగకముందే అది చూసినదంతా మా ఫోన్లలోకి వచ్చేసింది, కాబట్టి వచ్చాక ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు. ఒకప్పుడు కనీసం ఒక ప్రశ్న అడిగేవాళ్ళం. ఆ ఒక్కటీ తప్పుగా అడిగేవాళ్ళం, అది వేరే సంగతి. ఎన్నో అంతస్తు దాకా ఎక్కితివి అనే అడిగాం గాని, కింద నిలబడ్డ మనిషిని అడగవలసినది వేరు.

గ్రూపులో తమ్ముడి మాట అలాగే ఉంది. నేను దాని కింద ఏమీ రాయలేదు, మొదటిది మా అత్త అన్నది నిజమే కాబట్టి. అడగవలసిన మనిషి మాత్రం లేదు. ప్రతి శుక్రవారం చీపురు పుల్లతో సందు సందునా తోమిన ఆ జానెడు టవరుకు అసలుది, బండి పిడి పట్టుకుని ఆ ఇటుక గొట్టం పక్క నుంచి తలెత్తి చూస్తే, ఎట్లుండింది అత్తా?